సీలియాక్ అనుమానం: గోధుమ ఎప్పుడు మానాలి, మన వంటింట్లో ఏం మారాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా ఎత్తు సరిగ్గా పెరగడం లేదు, పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. ఐరన్ సిరప్ నెలల తరబడి తాగించినా హిమోగ్లోబిన్ 8.4 దాటడం లేదు. సీలియాక్ యాంటీబాడీలను కొలిచే టీటీజీ ఐజీఏ రక్తపరీక్షలో 148 వచ్చింది, ఆ ల్యాబు గరిష్ఠ పరిమితి 20. డాక్టరు ఎండోస్కోపీ చెప్పారు. మీరు భయపడి పది రోజుల క్రితం చపాతీలు మాన్పించారు. "అన్నం తినే ఇల్లే కదా, ఎండోస్కోపీ లేకుండా గోధుమ మానేస్తే సరిపోదా? జొన్నరొట్టె పెట్టొచ్చా? జీవితాంతం ఇంతేనా?" అని అడిగారు.

సూటిగా సమాధానం: ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మానకండి. మానేసిన చపాతీని ఇవాళే మళ్లీ మొదలుపెట్టి, పది రోజులు ఆపిన సంగతి మీ డాక్టరుకు చెప్పండి. ఎండోస్కోపీలో తీసే పేగు ముక్క పరీక్షలో (బయాప్సీ) సీలియాక్ అని తేలితే మాత్రం ఆ మర్నాటి నుంచి గోధుమ, బార్లీ, రై (గోధుమ జాతి ధాన్యం, ఆవాలు కాదు) మూడూ పూర్తిగా, జీవితాంతం బంద్. జొన్నరొట్టె పెట్టొచ్చు, కానీ గిర్నీలో (పిండి మరలో) ఆడించిన పిండితో కాదు.

ఇక కారణాలు. సీలియాక్ అలర్జీ కాదు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలినప్పుడల్లా రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు గోడ మీదే దాడి చేస్తుంది. పేగు లోపల వేళ్లలా నిలబడి ఆహారాన్ని పీల్చుకునే విల్లై అరిగి చదునైపోతాయి. ఇనుము ఒంటబట్టేది ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలో. ఈ జబ్బు ముందుగా, గట్టిగా దెబ్బతీసేది కూడా అక్కడే. మీ పాపకు సిరప్ పనిచేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. విరేచనాలు ఉంటేనే సీలియాక్ అనుకునే కాలం పోయింది. తగ్గని రక్తహీనత, ఆగిపోయిన ఎత్తు, నోటిపూత, పెద్దవాళ్లలో ఎముకలు గుల్లబారడం, కారణం తెలియకుండా లివర్ ఎంజైములు పెరగడం, వీటిలో ఏ ఒక్కటైనా మొదటి లక్షణం కావచ్చు. మలబద్ధకంతో వచ్చే పిల్లలూ ఉన్నారు.

గ్లూటెన్ ఆపితే రెండు మార్పులు మొదలవుతాయి: రక్తంలో యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు కోలుకుంటుంది. పాపకు మంచిదే. కానీ సగం కోలుకున్న పేగులోంచి ముక్క తీస్తే "స్పష్టంగా చెప్పలేం" అనే రిపోర్టు వస్తుంది. పది రోజులకు అంత మార్పు రాదు కాబట్టి ఇంకా మించిపోయింది లేదు. నెలల తరబడి మానేసి వచ్చేవాళ్లతోనే అసలు చిక్కు. వాళ్లకు మళ్లీ కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ పెట్టి పరీక్ష చేయాలి. ఈలోగా బిడ్డకు కడుపునొప్పి, తల్లికి కన్నీళ్లు. ఎదిగే వయసు పిల్లలకు అలా పెట్టడానికి డాక్టర్లూ ఇష్టపడరు.

ఎంత పెట్టాలి? 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో సుమారు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు రెండు చపాతీలు, లేదా ఒక చపాతీ, ఒక పూట బొంబాయి రవ్వ ఉప్మా చాలు. అన్నట్టు, చపాతీ ఆపినంత మాత్రాన మీ పాపకు గోధుమ ఆగిందని అనుకోకండి. పొద్దున బూస్టో హార్లిక్సో, ఉప్మా, బడి డబ్బాలో బిస్కెట్లు, సాయంత్రం నూడుల్స్. అన్నం తినే ఇళ్లలో పిల్లలకు గోధుమ చేరే దారులు ఇవే.

ఎండోస్కోపీ తప్పదా? కొందరు పిల్లలకు తప్పుతుంది. యూరప్ పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం 2020 మార్గదర్శకాల ప్రకారం టీటీజీ ఐజీఏ ల్యాబు పరిమితికి పది రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఈఎంఏ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. మీ పాప లెక్క 148ని 20తో భాగిస్తే 7.4 రెట్లు. గీత దాటలేదు. పైగా టీటీజీ కిట్లన్నీ ఒకేలా ఉండవు. అందుకే మీ డాక్టరు చెప్పింది సబబే.

మన ప్రాంతానికి ఇంకో కారణమూ ఉంది. పేగు గోడ చదునవడం ఒక్క సీలియాక్ వల్లే జరగదు. జియార్డియా అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్, దక్షిణ భారతంలో ఎప్పటినుంచో కనిపిస్తున్న ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, ఇంకా కొన్ని జబ్బులు అదే రూపం చూపిస్తాయి. 2016లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాది పెద్దవాళ్లలో 1.2 శాతం మందికి, దక్షిణాదిలో 0.1 శాతం మందికి కనిపించాయి. జన్యువుల్లో అంత తేడా లేదు, తేడా తినే గోధుమలోనే. దీనివల్ల ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి: ఉన్నవాళ్లకు అనుమానించరు, లేనివాళ్లకు ఒక్క రక్తపరీక్ష చూసి "గోధుమ మానేయండి" అంటారు. బతుకంతా పాటించాల్సిన పథ్యానికి పునాది గట్టిగా ఉండాలి.

పిల్లలకు మత్తిచ్చి చేస్తారు, గొట్టం లోపల ఉండేది కొద్ది నిమిషాలే. ముందే ఒక మాట అడగండి: డుయోడినం (చిన్నపేగు మొదలు) రెండో భాగం నుంచి కనీసం నాలుగు ముక్కలు, మొదట్లో ఉండే బల్బ్ నుంచి కనీసం ఒకటి తీస్తారా అని. దెబ్బ అక్కడక్కడ మచ్చలుగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు ముక్కలతో తప్పిపోయే అవకాశం ఉంది. రిపోర్టులో పేగు గోడ ఎంత దెబ్బతిందో చెప్పే మార్ష్ గ్రేడు రాస్తారు. మార్ష్ 2 లేదా 3 ఉండి, టీటీజీ కూడా ఇంత ఎక్కువుంటే సందేహం దాదాపు తీరినట్టే. మార్ష్ 1 ఒక్కటే వస్తే దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి, తొందరపడకూడదు.

హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష కోసం డబ్బు పెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఆ జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, మామూలు జనంలో దాదాపు మూడో వంతు మందికి అవి ఉంటాయి. మీకు ఇప్పుడు అవసరం లేదు. వంద పదార్థాలకు "ఇన్‌టాలరెన్స్" చూపిస్తామనే ఐజీజీ రక్తపరీక్షల ప్యానెళ్లయితే ఎవరికీ అవసరం లేదు.

ఇక వంటిల్లు. సీలియాక్ అని తేలిందనే అనుకుని రాస్తున్నాను.

ముందు కొలత అర్థం కావాలి. ఎక్కువమంది సీలియాక్ రోగులు రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌ను తట్టుకుంటారు. రోజూ 50 మిల్లీగ్రాములు మూడు నెలలు పోతే పేగు దెబ్బతింటుందని ప్రయోగంలో తేలింది. చపాతీలో 3,000 మిల్లీగ్రాములు ఉంటే, 10 అంటే ఆ చపాతీలో మూడు వందల్లో ఒక వంతు. పెనం అంచున అంటుకున్న పిండి చాలు. "కొంచెం తింటే ఏమవుతుంది" అనే నానమ్మలకు ఈ లెక్క చెప్పండి, వాదన కన్నా బాగా పనిచేస్తుంది.

మన ఇళ్లలో చపాతీ, పూరీ, బ్రెడ్డు ఆపడం ఒక్కరోజు పని. తిప్పలంతా ఇంగువ, గిర్నీ, రవ్వ, పెనం, నూనె మూకుడు దగ్గరే.

ఇంగువ. అంగట్లో దొరికే పొడి ఇంగువ అసలు ఇంగువ కాదు, పిండి కలిపిన మిశ్రమం. చాలా రకాల్లో ఆ పిండి గోధుమది. ముద్ద ఇంగువ కూడా ఎక్కువగా ఇలా కలిపినదే, "రాయి ఇంగువ కదా" అని నమ్మొద్దు. చిటికెడు పొడి పావు గ్రాము అనుకుని, అందులో సగం గోధుమ పిండి అనుకుంటే 12 మిల్లీగ్రాముల గ్లూటెన్ అవుతుంది. నలుగురి చారు గిన్నెలో పడితే మనిషికి 3. ఒక్కరోజు చారుతో కొంప మునగదు. కానీ చారు, సాంబారు, పులిహోర, మజ్జిగ పులుసు, ఊరగాయ, అన్నిట్లో అదే ఇంగువ. రోజూ కలిపితే 10 దాటడం ఎంతసేపు? లేబుల్ మీద బియ్యప్పిండి, తుమ్మజిగురు అని మాత్రమే ఉండి "గ్లూటెన్ ఫ్రీ" అని రాసినది కొనండి. దొరక్కపోతే వెల్లుల్లితో పోపు పెట్టండి. పాత పోపు డబ్బాలోని పొళ్లు, అందులో తిరిగిన చెంచా మార్చాలి.

గిర్నీ, పిండి మర. జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్ర, మొక్కజొన్న, వీటిలో దేంట్లోనూ గ్లూటెన్ లేదు. కానీ మీకన్నా ముందు ఎవరో అయిదు కిలోల గోధుమ ఆడించి వెళ్తారు. రాళ్ల మధ్య, సంచి గొట్టంలో మిగిలిన ఆ పిండి మీ జొన్నపిండిలోకి వస్తుంది. "పొద్దున్నే మొదటగా ఆడించండి", "ముందు రెండు కిలోల బియ్యం ఆడించి తర్వాత మీది" లాంటి ఉపాయాలు కల్తీని తగ్గిస్తాయి, పోగొట్టవు. పద్ధతి ఇది: జొన్నలు గింజగా కొని, పళ్లెంలో పోసి గోధుమ గింజలు ఏరండి (విడిగా తూచి అమ్మే సరుకులో తప్పకుండా కనిపిస్తాయి). రెండు మూడు నీళ్లలో కడిగి, విడి గుడ్డ మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, ఇంట్లో మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి, కొత్త జల్లెడలో జల్లించండి. మిక్సీ పిండి కాస్త బరకగా ఉంటుంది, రొట్టె విరుగుతుంది. పిండిలో మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఆగి, వేడి మీదే గట్టిగా మర్దిస్తే నిలుస్తుంది. శనగపిండి కూడా ఇలాగే, శనగపప్పు తెచ్చి ఇంట్లో పట్టుకోండి. నెలకు ఎక్కువ పిండి పట్టేవాళ్లు ఇంటి పిండి మర కొనుక్కుంటే డబ్బు వృథా కాదు, గోధుమ అందులో ఎన్నడూ వేయకపోతేనే సుమా.

ప్యాకెట్ మీద "మల్టీగ్రెయిన్" అని కనిపిస్తే అది ఎక్కువగా గోధుమ పిండికి మరో నాలుగు గింజలు చేర్చినదే. "మిల్లెట్" బిస్కెట్లు, నూడుల్స్, సేమ్యాల్లో చాలావాటిలో మొదటి పదార్థం గోధుమో మైదానో ఉంటుంది. ప్యాకెట్ ముందువైపు బొమ్మ చూడకండి, వెనకవైపు చదవండి.

రవ్వలు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, నిరపాయం. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, బన్సీ రవ్వ, సేమ్యా, ఇవన్నీ గోధుమే. ఖప్లీ లాంటి పాతకాలపు గోధుమలు కూడా గోధుమలే. మొలకెత్తించినా, పులియబెట్టినా, రెండేళ్లు నిల్వ ఉంచినా గ్లూటెన్ పోదు. ఒంట్లో నీరు చేరితే తాగించే బార్లీ నీళ్లు కూడా ఇక వద్దు. ఇది చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

గిన్నెలు. స్టీలు, గాజు, పింగాణీ సబ్బుతో శుభ్రంగా కడిగితే చాలు, కొత్తవి కొనక్కర్లేదు. పాపకు విడిగా ఉండాల్సినవి: ఇనుప పెనం, చెక్క అట్లకాడ, చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ, చిల్లుల గరిటె, బ్రెడ్డు కాల్చే టోస్టర్. పూరీలు, సమోసాలు వేగిన నూనె మళ్లీ పాప అప్పడానికి పనికిరాదు. ఇడ్లీ పిండి, పప్పు మాత్రమే రుబ్బిన గ్రైండర్‌కు ఏ బాధా లేదు. చపాతీ పిండి కలిపేటప్పుడు లేచే పొడి చాలాసేపు గాల్లో ఉండి దగ్గర్లోని మూతలేని గిన్నెల్లో పడుతుంది, కాబట్టి పాప వంట ముందు ముగించి మూతపెట్టాలి. టీలో బిస్కెట్ ముంచిన చెంచా చక్కెర డబ్బాలోకి వెళ్లడం, బ్రెడ్డు మీద రాసిన కత్తి మళ్లీ వెన్నలోకి దిగడం, ఇలాంటివి చూసుకోండి.

నా సలహా అడిగితే, మొదటి ఆరు నెలలు ఇల్లంతా గోధుమ బంద్ చేయండి. పంజాబీ ఇంటికి ఈ మాట చెప్పలేం, మనకు చెప్పవచ్చు. రెండు పూటలా అన్నం, టిఫిన్‌కు ఇడ్లీ, దోశె, పెసరట్టు, అటుకులు, బియ్యపు రవ్వతో ఉప్పిండి. ఎవరికీ పెద్ద లోటు తెలియదు. రెండు రకాల వంట, రెండు పెనాల కాపలాతో వచ్చే విసుగు మాత్రం తప్పుతుంది. పెద్దవాళ్లు చపాతీ తినాలంటే బయట తిని రావచ్చు.

పిండివంటలు, ప్రసాదాలు. అరిసెలు, సకినాలు, పూతరేకులు, సున్నుండలు, నువ్వుల ఉండలు, పల్లీపట్టి, మరమరాలు ఇంట్లో చేసినవి హాయిగా పెట్టండి. జంతికల్లో కొందరు మైదా కలుపుతారు, అడగండి. పూర్ణం బూరెల పైపూత మినప్పప్పు, బియ్యంతో చేస్తే సరే. బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు, కాజాలు, జిలేబీ, గులాబ్ జామూన్, మైసూరు బజ్జీ అన్నీ మైదా. హలీంలో గోధుమ, చాలా చోట్ల బార్లీ కూడా ఉంటాయి, డబుల్ కా మీఠా అంటే బ్రెడ్డే. గుడి ప్రసాదం కాదనడం పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు, ఇళ్లలో సత్యనారాయణ వ్రతానికి చేసేదీ ఎక్కువగా రవ్వ ప్రసాదమే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేయమని పాపకు నేర్పండి. చర్చిలో ఇచ్చే రొట్టె కూడా సాధారణంగా గోధుమదే, గ్లూటెన్ తగ్గించినవి ఉంటాయి, ఫాదర్‌తోనో పాస్టర్‌తోనో ముందే మాట్లాడాలి.

హోటళ్లు. సాదా ఇడ్లీ, ఇంటి నుంచి తీసుకెళ్లిన పొడి, పెరుగన్నం, అరటిపండు, ఉడికించిన గుడ్డు. ఇవి నమ్మదగినవి. దోశె పిండి మంచిదే అయినా అదే పెనం మీద రవ్వదోశె, పరోటా కూడా వేస్తారు. మిర్చి బజ్జీ శనగపిండిదే, నూనె మాత్రం సమోసాలది. చికెన్ 65, మంచూరియాల్లో మైదా లేదా సోయా సాస్, సోయా సాస్‌లో మామూలుగా గోధుమ. దమ్ బిర్యానీ హండీ అంచుకు గోధుమ పిండి ముద్దతో సీలు వేస్తారు, మూత తీసేటప్పుడు ఆ ముక్కలు రాలతాయి. "గోధుమ లేదు కదా?" అని అడిగితే సర్వర్ "లేదు" అనే అంటాడు. "మైదా, రవ్వ, సోయా సాస్ ఏవైనా వేస్తారా?" అని పేరుపేరునా అడగండి.

లేబుళ్లు. మన దేశంలో "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. 20 నుంచి 100 మధ్య ఉన్నది "లో గ్లూటెన్", అది పాపకు వద్దు. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని కనిపిస్తే బార్లీ అనుకోండి. కార్న్‌ఫ్లేక్స్‌ చాలావాటిలో ఇది ఉంటుంది. మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ మాత్రం పేరు భయపెట్టినా ఫరవాలేదు. ఓట్స్ మొదటి ఏడాది వద్దు. ఆ తర్వాత కూడా గ్లూటెన్ ఫ్రీ అని పరీక్షించి అమ్మేవే, డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్లకు: అక్కడ అలర్జీ హెచ్చరికలో గోధుమ రాయడం తప్పనిసరి, బార్లీ కాదు. "కంటెయిన్స్ వీట్" లేనంత మాత్రాన సరిపోదు. ఆయుర్వేద మందుల జాబితాలో యవ అంటే బార్లీ.

గోధుమ తిన్నాక వేసుకుంటే చాలని అమ్మే ఎంజైమ్ మాత్రలు పథ్యానికి బదులు కావు. పొరపాటున తినేస్తే విరుగుడు లేదు. వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ పట్టించండి, ఎక్కువైతే డాక్టరుకు చూపించండి. మళ్లీ పథ్యంలోకి రావడమే. ఏ లక్షణమూ రాలేదంటే దెబ్బ తగల్లేదని కాదు, అందుకే లక్షణాలను కాక పరీక్షలను నమ్మాలి.

నిర్ధారణ అయ్యాక వైద్యం. మొదట్లోనే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డీ, థైరాయిడ్, లివర్ ఎంజైములు చూస్తారు. థైరాయిడ్, టైప్ 1 డయాబెటిస్ ఈ జబ్బుతో జతగా వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. ఐరన్ ఆపకండి, ఇప్పటిదాకా ఒంటికి పట్టనిది పేగు కోలుకునే కొద్దీ పడుతుంది. మొదటి కొన్ని వారాలు పాలు తాగితే ఉబ్బరం రావచ్చు. లాక్టోజ్ అరిగించే ఎంజైము దెబ్బతిన్న విల్లై మీదే ఉంటుంది మరి. పాలు తగ్గించి పెరుగు ఇవ్వండి, తర్వాత మెల్లగా పాలు పెంచండి. శాశ్వతంగా మానక్కర్లేదు.

ముందు ఆకలి, హుషారు మారతాయి, తర్వాత బరువు. ఎత్తు అందుకోవడానికి నెలలు పడుతుంది. టీటీజీ ఆరు నెలలకోసారి, మామూలు స్థాయికి వచ్చాక ఏడాదికోసారి. 148 నుంచి మామూలుకు రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. అంకె దిగుతూ ఉండటమే ముఖ్యం. ఆరు నెలలకూ దిగకపోయినా, దిగి మళ్లీ పెరిగినా ఎక్కడో గోధుమ చేరుతోందని అర్థం. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో వెతికితే తరచూ బయటపడేవి ఇంగువ, గిర్నీ పిండి, బడిలో స్నేహితుల డబ్బా, ఈ మూడే. పాప మీద అరిస్తే దాచి తింటుంది, కాబట్టి డబ్బాలో ఎప్పుడూ పంచుకోదగ్గ చిరుతిండి రెండింతలు పెట్టి పంపండి. టీచరుకు డాక్టరు చీటీ ఇవ్వండి.

ప్యాకెట్ గ్లూటెన్ ఫ్రీ కేకులు, బిస్కెట్లు రోజూ వద్దు, వాటిలో పిండిపదార్థం, చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. తెల్లన్నం ఒక్కటే పెట్టినా మలబద్ధకం వస్తుంది. రోజుకో పూట జొన్న, రాగి, కొర్రల్లో ఒకటి, పప్పు, ఆకుకూర, జామకాయ ఉంటే సరిపోతుంది.

మీరిద్దరూ, మిగతా పిల్లలూ పరీక్ష చేయించుకోండి. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో దాదాపు పది మందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది, లక్షణాలు లేకపోయినా. టీటీజీ ఐజీఏతో పాటు టోటల్ ఐజీఏ కూడా అడగండి. పుట్టుకతో ఐజీఏ అనే యాంటీబాడీ తక్కువున్నవాళ్లకు టీటీజీ ఐజీఏ తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. ఇంట్లోవాళ్లూ పరీక్ష అయ్యేదాకా గోధుమ తింటూ ఉండాలి, కాబట్టి ఇల్లంతా బంద్ చేసే ముందే ఈ పరీక్షలు ముగించండి.

చివరగా కాగితాలు. ఇప్పటి టీటీజీ రిపోర్టు (అంకె, ల్యాబు పరిమితి రెండూ కనిపించేలా), ఎండోస్కోపీ ఫొటోలు, బయాప్సీ రిపోర్టు, వీలైతే స్లైడ్లు భద్రపరచండి. పదిహేనేళ్ల తర్వాత పాప హాస్టల్లోనో వేరే దేశంలోనో ఉన్నప్పుడు అక్కడి డాక్టరు "నిజంగా సీలియాకేనా?" అని అడగక మానడు. అప్పటికి పేగు బాగుపడి, యాంటీబాడీలు మాయమై ఉంటాయి. ఈ కాగితాలు లేకపోతే తేల్చడానికి మళ్లీ వారాల తరబడి గోధుమ తినమంటారు.